నవ్వించేవాడి మాట: రేలంగి మూడు పాత్రలు

కీలక పదాలు: రేలంగి, హాస్యపు వంత, బుర్రకథ, మాయాబజార్, నర్తనశాల, లవకుశ, విదూషకుడు

బుర్రకథలో కథకుడు నడుమ నిలుస్తాడు. తంబుర అతని భుజంమీద ఉంటుంది, అందెలు అతని వేళ్లకు ఉంటాయి. కథ అతనిది, వీరావేశం అతనిది, చివరికి మిగిలే పేరూ అతనిదే. ఇరుపక్కల గుమ్మెటలతో నిలిచే ఇద్దరూ వంతలు. వారిలో ఒకరు రాజకీయపు వంత, మరొకరు హాస్యపు వంత. కథకుడు వీరుడి పరాక్రమాన్ని వర్ణిస్తుండగా హాస్యపు వంత అడ్డుతగిలి అమాయకంగా ఒక సందేహం అడుగుతాడు. జనం నవ్వుతారు. కథకుడు కసురుకున్నట్లు నటించి, ఆ సందేహానికి సమాధానం చెప్పే నెపంతోనే కథను ముందుకు నడిపిస్తాడు. వంత మాటను ఎవరూ కథలో భాగంగా లెక్కించరు. అయితే ఆ మాట లేనిదే కథ కదలదు.

ఉత్తరాంధ్రలో గరివిడి అనగానే ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారంతోపాటు బుర్రకథ కూడా గుర్తుకు వస్తుంది. గరివిడి లక్ష్మి పేరు ఆ ఊరిని ఆ కళతో అంతగా ముడివేసింది. ఆ ప్రాంతపు ప్రేక్షకుడికి వంత ఎవరో, వంత పని ఏమిటో విడమరచి చెప్పనవసరం లేదు. 1950, 60 దశకాల తెలుగు చలనచిత్రంలో హాస్యనటుడి స్థానాన్ని అర్థం చేసుకోవడానికి సంస్కృత నాటక విదూషకుడికన్నా ఈ హాస్యపు వంతే దగ్గరి నమూనా. విదూషకుడు రాజుకు చెలికాడు, ఏకాంతంలో ప్రాకృతంలో మాట్లాడతాడు. వంత అలా కాదు, ప్రజల ఎదుటే నిలుస్తాడు. అతని సంభాషణ కథకుడితోనూ ప్రజలతోనూ ఏకకాలంలో సాగుతుంది. రేలంగి వెంకట్రామయ్య తెరమీద చేసింది ఈ రెండో పనే.

రేలంగిని తెలుగువారు మరచిపోలేదు. హాస్యనటచక్రవర్తి అన్న బిరుదు, 1970లో వచ్చిన పద్మశ్రీ, తాడేపల్లిగూడెంలో ఆయన పేరిట వెలసిన చిత్రమందిరం, సూర్యకాంతంతోనూ గిరిజతోనూ కలిసి నటించిన సన్నివేశాలు పదేపదే ప్రస్తావనకు వస్తూనే ఉంటాయి. అయితే ఈ స్మరణ అంతా నవ్వు చుట్టూనే తిరుగుతుంది. ఆయన ఎలా నవ్వించారన్నది అందరూ చెబుతారు. ఆయన ధరించిన పాత్ర నోట వచ్చిన మాటకు ఆ కథాలోకంలో ఎంత విలువ ఉంది, దానిని ఎవరు నమ్మారు, ఎవరు తోసిపుచ్చారు, నమ్మినందువల్ల ఏం జరిగింది అన్న ప్రశ్నలు మాత్రం విమర్శలో అరుదు. మాయాబజార్ (1957), నర్తనశాల (1963), లవకుశ (1963) చిత్రాల్లోని మూడు పాత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు అనూహ్యమైన సమాధానం దొరుకుతుంది.

వెనుకటి నడక

1910లో గోదావరి సీమలో జన్మించిన రేలంగి 1935లో సి. పుల్లయ్య తీసిన శ్రీకృష్ణతులాభారంతో చిత్రరంగంలో ప్రవేశించారు. పేరు రావడానికి ఆ తరువాత పుష్కరకాలం దాటింది. ఈ మధ్యకాలంలో ఆయన చిన్న వేషాలు వేస్తూ, పుల్లయ్య వద్ద చిత్రనిర్మాణంలోని పైపనులు చూస్తూ గడిపారు. గుర్తింపు తెచ్చిన గుణసుందరి కథ 1949 డిసెంబరు చివర విడుదలైంది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. యౌవనంలో తెరకెక్కి నవ్వించిన నటుడి దేహం వేరు, నడివయసులో ప్రజల కంటబడిన నటుడి దేహం వేరు. ఈ విషయం ముందుముందు అవసరపడుతుంది.

గుణసుందరి కథకు మూలం షేక్‌స్పియర్ కింగ్ లియర్. ముగ్గురు కూతుళ్లను తండ్రి పరీక్షించడం, నిజాయితీగా మాట్లాడిన చిన్నకూతురు ఆగ్రహానికి గురికావడం అక్కడి నుంచి వచ్చినవే. లియర్ నాటకంలో రాజు వెంట ఒక విదూషకుడు ఉంటాడు. రాజుకు ముఖంమీద నిజం చెప్పగలవాడు అతనొక్కడే. కూతుళ్లు పొగుడుతారు, కొలువువారు భయపడతారు, విదూషకుడు మాత్రం పరిహాసం ముసుగులో సత్యం పలుకుతాడు. నాటకం సగం దాటాక అతను ఏ వివరణా లేకుండా అదృశ్యమవుతాడు. ఇంగ్లండులో 1946లో లారెన్స్ ఒలివియే లియర్‌గా ప్రదర్శించినప్పుడు ఆ విదూషకుడి వేషం వేసినవాడు ఆలెక్ గిన్నెస్. బ్రిటిష్ హాస్యచిత్రాల స్వర్ణయుగానికి ముఖమైన నటుడతడు. 1949లో కైండ్ హార్ట్స్ అండ్ కారొనెట్స్ చిత్రంలో ఒకే వంశానికి చెందిన ఎనిమిది పాత్రలు ఒక్కడే ధరించి, ఒక్కొక్కరుగా చచ్చిపోతూ నవ్వించాడు. అదే ఏడాది మద్రాసులో లియర్ కథను కె.వి. రెడ్డి జానపదంగా మలిచారు. అందులో విదూషకుడి పాత్ర లేదు. ఆ స్థానాన్ని హాస్యనటుడు కస్తూరి శివరావు కథానాయకుడై దైవాధీనంగా ఆక్రమించగా, రేలంగి రెండో అల్లుడు కాలమతి అయ్యారు. హాస్యగాడు నాయకుడు కాగలిగిన ఆ చిత్రం తెలుగులో ఒక కూడలి. చాప్లిన్ తన చిత్రాల్లో నడుమ నిలిచే కథకుడు, శివరావూ కొంతకాలం ఆ చోటికి చేరారు. రేలంగి అటు వెళ్లలేదు. ఒకటి రెండు ప్రయత్నాలను పక్కనపెడితే ఆయన జీవితమంతా పక్కన నిలిచే కళకే అంకితమైంది. దానిని తక్కువ స్థానంగా భావించే అలవాటు తెలుగు విమర్శకు ఉంది. ఆ అలవాటు బుర్రకథను ఎదురుగా కూర్చొని వినకపోవడం వల్ల వచ్చింది.

గుణసుందరి కథకు మాటలు, పాటలు సమకూర్చినవారు పింగళి నాగేంద్రరావు. ఆయన 1901లో రాజాంలో జన్మించారు. గరివిడి నుంచి చీపురుపల్లి దాటితే రాజాం ఎంతో దూరం లేదు, ఇప్పుడు అదీ విజయనగరం జిల్లాలోనే ఉంది. పింగళి పెరిగింది బందరులో గనుక ఆయన మాటలో ఉత్తరాంధ్ర యాసను వెదకడం అత్యుత్సాహమే అవుతుంది. అయితే ఒక సంగతి గమనించదగినది. పాతాళభైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ చిత్రాల్లో హాస్యపాత్రల సంభాషణలు వేరొకరు అతికించిన ముక్కల్లా ఉండవు. నాయకుడి మాట, ప్రతినాయకుడి మాట, హాస్యగాడి మాట ఒకే కమ్మటంలో పోసినవి. రేలంగికి దొరికిన పెద్ద అదృష్టం ఇదే. ఆయన పాత్రలు కథలోంచి పుట్టాయి.

పాతాళభైరవి (1951)లోని శూరసేనుడు ఇందుకు తొలి పెద్ద ఉదాహరణ. రాజుగారి బావమరిది, పేరుకే శూరుడు, రాకుమారిపై మక్కువ గలవాడు. మృచ్ఛకటికంలోని శకారుడు ఇలాంటి రాజశ్యాలుడే. శకారుడిలో క్రౌర్యం ఉంటుంది. శూరసేనుడిలో ఆ క్రౌర్యం కరిగి పిరికితనంగా మిగులుతుంది. రాజశ్యాలుణ్ణి ప్రమాదంలేని వాడిగా మార్చడం రేలంగి నటనలోని గుణం. ప్రమాదం మిగిలిన రాజశ్యాలుణ్ణి చూడాలంటే నర్తనశాలలో ఎస్.వి. రంగారావు కీచకుణ్ణి చూడాలి. ఒకే నాటకీయ జాతికి చెందిన ఇద్దరు ఇంత ఎడంగా ఉండటానికి నటుల దేహధర్మమే కారణం.

నమ్మనివారి నడుమ లక్ష్మణకుమారుడు

శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేని కథ. అందులోని లక్ష్మణకుమారుడు మాత్రం భారతంలో ఉన్నాడు. దుర్యోధనుడి కొడుకుగా ద్రోణపర్వంలో కొద్దిసేపు కనిపించి, పదమూడోనాటి యుద్ధంలో అభిమన్యుడి చేతిలో మరణిస్తాడు. ఆ రోజే అభిమన్యుడూ నేలకొరుగుతాడు. మాయాబజార్‌లో ఒకే వధువు కోసం నిలిచిన ఇద్దరు వరులూ ఒకే పగటిలో చనిపోయేవారే. భారతం తెలిసిన తెలుగు ప్రేక్షకుడికి ఇది కొత్త విషయం కాదు. అయినా ఆ చిత్రం చూస్తున్న మూడు గంటల్లో ఎవరికీ ఇది తట్టదు. ఎందుకు తట్టదన్నదే ఇక్కడి ప్రశ్న.

అభిమన్యుడి విషయంలో ఆ మరుపు అసంపూర్ణం. అక్కినేని నాగేశ్వరరావు ముఖంలోని యౌవనం, వెన్నెలలో పడవ విహారం చూస్తుంటే, ఆ పిల్లవాడికి రాబోయేది ఏమిటో ఎక్కడో ఒక మూల తెలుస్తూనే ఉంటుంది. లక్ష్మణకుమారుడి విషయంలో మరుపు పరిపూర్ణం. నలభై ఆరు, నలభై ఏడేళ్ల రేలంగి కండలేని భుజాలతో, గుండ్రని పొట్టతో యువరాజు అలంకారాలు ధరించి నిలిస్తే అతను యుద్ధంలో చనిపోతాడన్న ఊహే అసంబద్ధమవుతుంది. వయసు చెల్లని నటుడికి కుర్రవాడి వేషం వేయడం ఆనాటి పరిశ్రమలో మామూలు సర్దుబాటే కావచ్చు. ఫలితం మాత్రం సర్దుబాటు స్థాయిని మించింది. ఆ దేహం లక్ష్మణకుమారుణ్ణి ద్రోణపర్వం నుంచి తప్పించి పెండ్లిపందిరిలోనే నిలిపింది.

అక్కడ అతనికి జరిగేది చూడాలి. పీటలమీద పక్కన ఉన్నది శశిరేఖ కాదు, ఆ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఆమె అతని కాలు తొక్కుతుంది, భయపెడుతుంది, క్షణంలో మళ్లీ సిగ్గుపడే వధువైపోతుంది. వరుడు అరుస్తాడు. పెద్దలు చూసేసరికి అక్కడ ఏమీ ఉండదు. ఆ పందిరిలో దుర్యోధనుడున్నాడు, శకునివంటి మాయావి ఉన్నాడు, కర్ణుడున్నాడు. ఇంతమంది వీరుల నడుమ మాయను మాయగా గుర్తించిన కౌరవుడు లక్ష్మణకుమారుడొక్కడే. అతను చెప్పేది అక్షరాలా నిజం. నిజం చెప్పిన ప్రతిసారీ మందలింపే అతనికి దక్కుతుంది.

ఈ సన్నివేశంలో సావిత్రి నటనకు దక్కిన ప్రశంస న్యాయమైనదే. ఆడరూపంలో రాక్షసుడి ఠీవి చూపడం సామాన్యం కాదు. అయితే ఆ మాయ నిలబడటానికి ఎదుట ఒక సాక్షి కావాలి. రేలంగి చేసింది సాక్షిపని. ఆయన నవ్వరు. నవ్వు తెప్పించడానికి ముఖం వికారంగా పెట్టరు కూడా. భయం, అవమానం, పెద్దల ముందు మళ్లీ సర్దుకోవాలన్న ఆత్రం, పక్కకు ఒక అనుమానపు చూపు అనే ఈ వరుసలోనే ఆయన పాత్రను నడుపుతారు. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించాడు. తాను నవ్వేది మొదటిది, ఇతరులను నవ్వించేది రెండోది. రేలంగి ఉత్తమ సన్నివేశాల్లో ఆత్మస్థం దాదాపు శూన్యం. పక్కపాత్రగా కలిసి నటించిన రమణారెడ్డి బక్కపలచని దేహం విల్లులా వంగి కదులుతూ ఉంటే, రేలంగి కదలిక అంతా కళ్లలోనే ఉంటుంది. ఇద్దరినీ కలిపి లారెల్, హార్డీలతో పోల్చే మాటల్లో తూకం తప్ప పోలిక లేదు.

నిజం చెప్పి కూడా నమ్మకం పొందలేకపోవడం విషాదపాత్రకు తగిన స్థితి. గ్రీకు కథల్లో కసాండ్రాకు శాపం ఇదే. అదే స్థితిని కోటలోని పనికిమాలిన రాకుమారుడికి అప్పగించి నవ్వు పుట్టించడంలో పింగళి, కె.వి. రెడ్డిల తెలివి ఉంది. దానిని నమ్మించినవారు రేలంగి.

ప్రగల్భానికి వెల

ఉత్తరకుమారుడి కథ దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ మాట అబద్ధం, దానిని అందరూ నమ్ముతారు. తెలుగులో ఉత్తరకుమార ప్రగల్భాలు అన్నది నానుడిగా స్థిరపడిపోయింది గనుక, ఈ పాత్ర ధరించే నటుడికి ప్రేక్షకుడికి ముందే తెలిసిన విషయాన్ని కొత్తగా చూపవలసిన భారం ఉంటుంది.

నర్తనశాలలో ఈ పాత్ర పరిధి స్వల్పమే. గోగ్రహణ వార్త రావడం, అంతఃపురస్త్రీల ఎదుట ఉత్తరుడు చేసే వీరాలాపం, తగిన సారథి లేడన్న సాకు, బృహన్నల సారథిగా కుదరడంతో ఆ సాకు చేజారడం, కౌరవసేనను చూడగానే గుండె జారి పరుగుతీయడం ఇందులోని ఘట్టాలు. చెల్లెలు ఉత్తరగా ఎల్. విజయలక్ష్మి నటించిన చిత్రంలో అన్నగా యాభై రెండేళ్ల రేలంగి కనిపిస్తారు. ఇక్కడా దేహమే మొదటి వాచకం. ఆ రెండేళ్లకు పైబడిన యౌవనాన్ని చూసి నవ్విన ప్రేక్షకుడు, తరువాత పరుగులో ఆ దేహం పడే ఆయాసాన్ని చూసి కొంచెం జాలిపడతాడు.

వీరాలాపం చేసేటప్పుడు రేలంగి మాట్లాడే తీరు ప్రత్యేకంగా గమనించాలి. గొప్పలు చెప్పేవాడు సాధారణంగా గొంతు పెంచుతాడు. రేలంగి ఉత్తరుడు వినేవారి ముఖాలను చూసుకుంటూ గొప్పలు చెబుతాడు. నమ్ముతున్నారని తేలాక మరికొంచెం పెంచుతాడు. అంటే ఆ ప్రగల్భం అతనొక్కడి సృష్టి కాదు, వినేవారి అవసరం అందులో సగం. మగవారంతా మరోవైపు యుద్ధానికి వెళ్లిన కోటలో ధైర్యం చెప్పే మాట ఒకటి కావాలి. ఉన్న ఒక్క మగవాడు ఆ మాట చెప్పాడు. దీనిని పిరికివాడి గొప్పలుగా మాత్రమే చదివే విమర్శ సన్నివేశంలోని సగాన్ని వదిలేస్తుంది.

అబద్ధపు మాటకు భారతం పెట్టిన వెల పెద్దది. ఉత్తరుడు కౌరవులను గెలిచాడన్న వార్త విని పొంగిపోయిన విరాటుడి ఎదుట, బృహన్నల తోడుండగా గెలుపుకేమి కొదవ అని కంకుడు పదేపదే అంటాడు. రాజు కోపించి పాచికతో కంకుడి ముఖంమీద కొడతాడు. ధర్మరాజు రక్తం నేల తాకకుండా సైరంధ్రి పాత్ర పట్టవలసి వస్తుంది. హాస్యగాడి మాటను నమ్మినందుకు చెల్లించిన మూల్యం అది. ఆ తరువాత సభకు వచ్చిన ఉత్తరుడు తండ్రి చేత క్షమాపణ చెప్పిస్తాడు, గెలిచింది తాను కాదని ఒప్పుకుంటాడు. అంతకుముందు లేని విజయాలు చెప్పుకున్నవాడు ఇప్పుడు చేతికందిన కీర్తిని వద్దంటున్నాడు. విరాటపర్వంలో ఇంత మార్పు పొందిన పాత్ర మరొకటి లేదు. నానుడి మాత్రం అతణ్ణి మొదటి దృశ్యంలోనే బంధించి ఉంచింది.

కురుక్షేత్రంలో మొదటిరోజే ఉత్తరుడు శల్యుడి చేతిలో మరణిస్తాడు. అంటే రేలంగి ధరించిన ఇద్దరు రాకుమారులనూ భారతం యుద్ధానికే బలి ఇచ్చింది. పిరికివాడని లోకం నవ్విన ఉత్తరుడు పరుగుతీయకుండా మరణించాడన్నది నానుడికి ఎక్కని విషయం. నర్తనశాల కథ అజ్ఞాతవాసంతో ముగుస్తుంది గనుక అంతదూరం పోలేదు. పోనవసరమూ లేదు. అయినా తిక్కన విరాటపర్వం బోధించే తరగతిలో ఈ చిత్రదృశ్యాన్ని ప్రస్తావించే అధ్యాపకుడు నవ్వు దగ్గరే ఆగిపోతే పాత్రకు అన్యాయం జరుగుతుంది.

నమ్మిన రాజు

లవకుశలోని రజకుడు ఈ మూడింటిలో అతి చిన్న పాత్ర, అతి కష్టమైనది కూడా. తెలుగులో పూర్తిస్థాయి వర్ణచిత్రంగా వచ్చిన లవకుశను ప్రారంభించినవారు సి. పుల్లయ్య, పూర్తిచేసినవారు ఆయన కుమారుడు సి.ఎస్. రావు. 1934లో తొలి లవకుశ తీసిందీ పుల్లయ్యే. రేలంగిని తెరకు తెచ్చిన దర్శకుడే ఇరవై ఎనిమిదేళ్ల తరువాత ఆయనకు అప్పగించిన పాత్ర ఇది.

కథ అందరికీ తెలిసినదే. పరాయిచోట రాత్రి గడిపివచ్చిందన్న అనుమానంతో భార్యను ఇంట్లోకి రానివ్వని రజకుడు, రావణుడి చెరలో ఉన్న సీతను ఏలుకున్న రాముడితో తనను పోల్చుకొని, తాను అటువంటివాణ్ణి కానంటాడు. ఆ మాట రాజుకు చేరుతుంది. నిండుచూలాలు అడవి పాలవుతుంది. రజకుడిగా రేలంగి, అతని భార్యగా గిరిజ. ఇద్దరూ అప్పటికే ఎన్నో చిత్రాల్లో చిలిపి జంటగా ప్రజలకు సుపరిచితులు. వారు తెరమీద కనిపించగానే థియేటరులో నవ్వు సిద్ధమవుతుంది. ఆలుమగల కీచులాటగా మొదలైన దృశ్యం నవ్విస్తూనే ఉంటుంది. ఆ నవ్వులోనే మాట జారుతుంది.

మాయాబజార్‌లో నిజం చెప్పినవాణ్ణి ఎవరూ నమ్మలేదు. నర్తనశాలలో అబద్ధం చెప్పినవాణ్ణి ఇంటివారు నమ్మారు. ఇక్కడ, భార్యమీది కోపంలో ఒక మనిషి అన్న ఆధారంలేని మాటను మర్యాదాపురుషుడైన రాజు శిరసావహించాడు. మూడు మాటల్లో అతి తేలికైనదే అతి భారమైన ఫలితాన్నిచ్చింది. ఈ వైపరీత్యం ప్రేక్షకుణ్ణి తాకాలంటే ఆ మాట అన్నవాడు దుర్మార్గుడిగా కనిపించకూడదు. రేలంగిని ఎన్నుకోవడంలోని ఔచిత్యం ఇదే. ఆయన రజకుడిలో కుట్ర లేదు, సీతపై ద్వేషం లేదు. ఉన్నదల్లా ఇంటి మగవాడి అహం. అది అయోధ్యలో ఏ ఇంటిలోనైనా ఉండేదే, రాజుగారి ఇంటిలో కూడా ఉన్నదే.

వాల్మీకి ఉత్తరకాండలో రజకుడు లేడు. రాముడు మిత్రుల నడుమ కూర్చొని ఉండగా, వారు పరిహాసకథలు చెప్పి ఆయనను ఉల్లాసపరుస్తుండగా, రాముడు అడిగితే భద్రుడు పౌరుల మాటలను విన్నవిస్తాడు. అపవాదు రాజు చెవికి చేరింది ఒక పరిహాసగోష్ఠిలో. ఆదికావ్యంలోనే నవ్వుకూ నిందకూ ఈ సామీప్యం ఉంది. పౌరులందరి మాటగా ఉన్న దానిని తరువాతి కథనాలు ఒక రజకుడి నోట పెట్టాయి. ఊరందరిదైన తప్పును ఒక వృత్తికులం నెత్తిన వేయడంవల్ల కథకు నాటకీయత పెరిగింది. ఆ కులానికి శతాబ్దాల నింద మిగిలింది. వీధినాటకంలో, రంగస్థల నాటకంలో, తొలి లవకుశలో, మలి లవకుశలో ఈ భారం అలాగే కొనసాగింది. కులాన్ని గుర్తించడానికి వేరే కట్టు, వేరే భాష పెట్టి, వారి సంసారపు తగవును నవ్వులాటగా చూపే పద్ధతి నిర్దోషమైనది కాదు. రేలంగి ప్రతిభను కొనియాడేటప్పుడు ఈ సంగతిని పక్కకు నెట్టడం కుదరదు. ఉత్తరాంధ్ర పాఠకులకు ఇది మరింత బాగా తెలియాలి. తెలుగు తెరమీద ఏ భాష నాయకుడిది, ఏ భాష నవ్వులపాలైనది అన్న లెక్కలో శ్రీకాకుళం, విజయనగరం పలుకుబడి తరచుగా రెండోవైపే చేరింది.

నటుడి సానుభూతి, కథాసంప్రదాయపు పక్షపాతం ఒకే దృశ్యంలో ఉండవచ్చు. లవకుశలో ఉన్నాయి. రేలంగి రజకుణ్ణి మనిషిని చేశారు. కథ ఆ మనిషిని నిందకు సాధనంగా వాడుకుంది. ఈ రెండింటిలో ఒకదానిని మాత్రమే చెప్పే పరిశోధన అసమగ్రం.

గొంతు, తునక

ఒకప్పుడు రేలంగి ఉత్తరాంధ్ర పల్లెలకు గొంతుగానే ఎక్కువగా చేరారు. ఆకాశవాణిలో వచ్చే సంక్షిప్త శబ్దచిత్రాల్లో మాయాబజార్ గంటసేపు వినిపించేది. అందులో లక్ష్మణకుమారుడి పొట్ట లేదు, అలంకారాలు లేవు, పీటల మీద తొక్కిన కాలు కనిపించదు. ఒక అరుపు, వెంటనే పెద్దల కసురు, ఆ తరువాత తగ్గిపోయిన చిన్నగొంతు మాత్రమే వినిపిస్తాయి. చిత్రం చూడని పిల్లలు కూడా అక్కడ నవ్వేవారు. నవ్వుకు కారణం ముఖకవళికలే అయితే ఇది సాధ్యం కాదు. మాటకూ నమ్మకానికీ మధ్య పడిన ఎడం చెవికి కూడా తెలిసేటంత స్పష్టంగా రేలంగి పలికారు.

శబ్దచిత్రం దృశ్యాన్ని తీసివేసినా కథను ఉంచింది. ఇప్పటి ఫోన్లలో తిరిగే తునకలు దృశ్యాన్ని ఉంచి కథను తీసివేస్తున్నాయి. హాస్యసన్నివేశాలు అన్న పేరుతో రేలంగి కనిపించే నిమిషాలను మాత్రమే కత్తిరించి వరుసగా కూర్చినప్పుడు, ఆయన కథకు అంటని వినోదకారుడిగా కొత్తతరానికి పరిచయమవుతారు. కథకుణ్ణి తీసివేసి హాస్యపు వంత మాటలు మాత్రమే వినిపించడం వంటిది ఇది. సందేహం వినబడుతుంది, దేనిమీద సందేహమో తెలియదు. ఎం.ఫిల్., పిహెచ్.డి. వ్యాసాలు కూడా హాస్యనటుల అధ్యాయంలో ఈ పద్ధతినే పాటిస్తూ, సన్నివేశాలను చిత్రాలవారీగా ఏరి పేర్చడం కనిపిస్తుంది. చలనచిత్ర సంభాషణను సాహిత్యపాఠంగా స్వీకరించే అధ్యయనాలకు పింగళి, సముద్రాల రచనలు ఎంత ముఖ్యమో, ఆ మాట ఏ పాత్ర నోట ఎవరి ఎదుట పలికిందన్న లెక్కా అంతే ముఖ్యం.

మాయాబజార్ పెండ్లిపందిరి దృశ్యాన్ని ఎక్కడ తుంచాలన్నదే చూడవచ్చు. కాలు తొక్కడంతో మొదలుపెట్టి అరుపు దగ్గర ఆపితే నవ్వు వస్తుంది. మరొక్క క్షణం కొనసాగిస్తే, మందలింపు విని, నోరు మూసుకొని, రాక్షసుడని తనకు తెలిసిన వధువు పక్కన మళ్లీ పీటమీద సర్దుకొని కూర్చునే వరుడి ముఖం కనిపిస్తుంది.